లానీ జాన్సన్‌ది బ్లూసా, జాజా? 1925లో ఆ పోటీ గెలవకపోయి ఉంటే?

పాతరికార్డు:
మన సంగీత వేదికలోనే పక్క విభాగంలో ఎవరో తొలితరం జాజ్ గిటారిస్టుల జాబితా పెట్టారు. ఎడ్డీ లాంగ్, జాంగో రైన్‌హార్ట్, చార్లీ క్రిస్టియన్ ఉన్నారు. లానీ జాన్సన్ లేడు. అదేంటండీ అని అడిగితే "ఆయన బ్లూస్ కదా, ఇక్కడెందుకు" అన్నారు. సరే అని బ్లూస్ విభాగానికి పోతే రాబర్ట్ జాన్సన్ మీద పేజీలకు పేజీలున్నాయి, లానీ మీద రెండు ముక్కలు. అందులో ఒకటి "మరీ సాఫ్ట్" అని. నలభై ఏళ్లకు పైగా రికార్డులు ఇచ్చిన మనిషిని రెండిళ్ల వాళ్లూ గుమ్మం దగ్గరే నిలబెట్టేశారు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. అసలు పేరు అలాంజో జాన్సన్. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు. ఎప్పుడన్నది పుస్తకానికో మాట, 1894 అని కొందరు, 1899 అని కొందరు. ఇంటిల్లిపాదీ వాయించేవాళ్లే. లానీ వయొలిన్, పియానో, గిటార్ అన్నీ పట్టాడు. 1917లో ఒక నాటక బృందంతో ఇంగ్లండ్ వెళ్లాడు. 1919లో తిరిగొచ్చేసరికి ఇన్‌ఫ్లుయెంజా ఇంటిని ఊడ్చేసింది. సోదరుడు జేమ్స్ ఒక్కడే మిగిలాడు. ఇద్దరూ సెయింట్ లూయిస్ చేరారు. అక్కడ మిసిసిపి నది మీద తిరిగే స్టీమర్లలో, చార్లీ క్రీత్ లాంటి వాళ్ల బ్యాండ్లలో వాయించాడు. జనం డ్యాన్స్ చేసే సంగీతం అది.

1925లో సెయింట్ లూయిస్‌లోని బుకర్ టి. వాషింగ్టన్ థియేటర్‌లో బ్లూస్ పోటీ పెట్టారు. గెలిచినవాళ్లకు ఓకే కంపెనీలో రికార్డింగ్ కాంట్రాక్టు. లానీ గెలిచాడు. తర్వాతి రోజుల్లో ఆయనే చెప్పిన సంగతి ఏమిటంటే, రికార్డ్ చేయించుకోవడానికి తను ఏదైనా చేసేవాడు, అది బ్లూస్ పోటీ అయింది కాబట్టి బ్లూస్ పాడాడు, అంతే.

నా వాదన ఇదే. స్వతహాగా ఈయన జాజ్ వాద్యకారుడు. ఒక్క పోటీ దెబ్బకి ఆయన మీద బ్లూస్ ముద్ర పడింది, చచ్చేదాకా వదల్లేదు. కాదంటే చెప్పండి.

డెల్టా_దారి:
కాదంటాను.

1925 నుంచి 1932 దాకా ఓకే కంపెనీకి ఆయన ఇచ్చినవి దాదాపు 130 పాటలు. వాటిలో ముప్పాతిక మూడొంతులు తనే పాడుతూ వాయించిన బ్లూస్. జాజ్ పెద్దలతో చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో 1927 డిసెంబర్‌లో మూడు పాటలు, బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్‌తో 1928 అక్టోబర్‌లో కొన్ని. పక్కింట్లో నాలుగు రోజులు భోంచేస్తే ఆ ఇంటి పేరు పెట్టేస్తారా?

ఇంకోటి. ఆయన్ని చూసి నేర్చుకున్నదెవరు? రాబర్ట్ జాన్సన్ "మాల్టెడ్ మిల్క్" వినండి, అచ్చం లానీ పోకడే. బి.బి. కింగ్ తనకు దారి చూపినవాళ్ల పేర్లు చెప్పినప్పుడల్లా లానీ జాన్సన్ పేరు చెప్పాడు. శిష్యులు బ్లూస్ వాళ్లైతే గురువు జాజ్ వాడెలా అవుతాడు?

పోటీలో "ఏదైనా పాడేవాణ్ణి" అన్నాడంటారా, పొట్టకూటి కోసం ఎవరైనా అదే అంటారు. అంతమందిలో గెలిచాడంటే గొంతులో బ్లూస్ ఉండబట్టే కదా.

బెజవాడ_గిటార్:
డెల్టా గారూ, ఇద్దరు శిష్యుల పేర్లు చెప్పి కేసు గెలవలేరు. బి.బి. కింగ్ ఆ పేర్లతోపాటే జాంగో రైన్‌హార్ట్ పేరు కూడా చెప్పేవాడు. మరి జాంగో బ్లూస్ వాడా?

లెక్కలు పక్కన పెట్టి చెవులతో తేల్చుకుందాం. "హాటర్ దాన్ దట్" పెట్టుకోండి, 1927 డిసెంబర్, షికాగో. ఆర్మ్‌స్ట్రాంగ్ బ్యాండ్ హాట్ ఫైవ్‌లో మామూలుగా జానీ సెంట్ సిర్ బ్యాంజో ఉంటుంది, ఈ సెషన్‌కి అదనంగా లానీని పిలిచారు. మొదట ట్రంపెట్, తర్వాత జానీ డాడ్స్ క్లారినెట్. అప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ మాటల్లేని కూతతో పాడటం మొదలుపెడతాడు. ఆ కాసేపు బ్యాండ్ మొత్తం పక్కకు తప్పుకుంటుంది. పియానో లేదు, డ్రమ్స్ ఎలాగూ లేవు. ఒక గొంతు, ఒక గిటార్. ఆర్మ్‌స్ట్రాంగ్ నాలుగు దెబ్బల తాళం మీద మూడేసి దెబ్బల ముక్కలు వేసుకుంటూ పోతాడు. విన్నవాడికి కాలు ఎక్కడ వెయ్యాలో తెలియదు. కింద లానీ మాత్రం ఒక్క బీటు కూడా జారనివ్వడు. ఆ తర్వాత తాళం ఆగిపోతుంది, ఇద్దరూ ప్రశ్నా జవాబుల్లాగా ఒక ముక్క ఆయన, ఒక ముక్క ఈయన. ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును ఎలా సాగదీస్తే లానీ తీగను అలాగే సాగదీస్తాడు. పాట చివర్లో ట్రంపెట్ ముగించాక ఆఖరి మాట గిటార్‌దే. అది కూడా ఇంటికి రాని, అంటే ముగిసినట్టు అనిపించని కార్డ్ (కలిపి మోగించే స్వరాలు), గాల్లో వదిలేస్తాడు.

1927లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఎదురుగా నిలబడి సమాధానం చెప్పగల గిటార్ ఇంకొకటి చూపించండి. నేను పిల్లలకు గిటార్ చెప్తాను కాబట్టి ఈ ముక్క వేగం తగ్గించి చాలాసార్లు వినిపించాను. నోట్లు పట్టుకోవచ్చు. వాటి మధ్య ఊపిరి పట్టుకోవడం కష్టం.

కొత్తగా_చేరా:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అసలు బ్లూస్‌కీ జాజ్‌కీ తేడా ఏంటి? రెండూ ఒకటే అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

పాతరికార్డు:
తమ్ముడూ, మోటుగా చెప్తా. బ్లూస్ అంటే ఎక్కువగా 12 బార్ల చట్రం, మూడే మూడు కార్డ్‌లు. ఒక లైను పాడి, అదే మళ్లీ పాడి, మూడో లైనుతో ముడి విప్పుతారు. లైనుకీ లైనుకీ మధ్య ఖాళీలో గిటార్ బదులు చెప్తుంది. గొంతే రాజు. జాజ్‌లో వాద్యమే రాజు, కార్డ్‌లు ఎక్కువ, ఇచ్చిన పాటను అప్పటికప్పుడు తిరగరాస్తూ పోవడమే పని. కానీ జాజ్ వాళ్లు బ్లూస్ చట్రాన్ని పొద్దస్తమానం వాడతారు. అందుకే నీకు ఒకటే అనిపించింది, అనిపించడంలో తప్పేం లేదు. ఈ థ్రెడ్‌లో గొడవంతా అక్కడే ఉంది.

విశ్రాంత_ఉద్యోగి:
రాజుగా ఎవరున్నా, పన్ను వసూలు చేసేది కంపెనీ కదా బాబూ. మీరిద్దరూ ఆ సంగతి వదిలేశారు.

ఓకే కంపెనీ 8000 నంబర్ల వరుసను "రేస్ రికార్డ్స్" అని నడిపింది. నల్లజాతి కొనుగోలుదార్ల కోసం, నల్లజాతి కళాకారులతో. లానీ బ్లూస్ పాటలు అందులోనే వచ్చాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ రికార్డులు కూడా అందులోనే వచ్చాయి! అంటే ఆ అర విభజించింది సంగీతాన్ని బట్టి చేసింది కాదు, ఒంటి రంగును బట్టి చేసింది. తర్వాతి తరం వాళ్లు ఆ అరలోంచి ఆర్మ్‌స్ట్రాంగ్‌ను తీసి జాజ్ అల్మైరాలో పెట్టారు, లానీని అక్కడే ఉంచేశారు.

దీనికి ఇంకా పెద్ద సాక్ష్యం ఎడ్డీ లాంగ్. ఫిలడెల్ఫియాలో పుట్టిన ఇటాలియన్ సంతతి కుర్రాడు, అసలు పేరు సాల్వటోర్ మసారో. 1928, 29లో లానీ, లాంగ్ కలిసి గిటార్ జోడీగా కొన్ని రికార్డులు చేశారు. "టూ టోన్ స్టాంప్", "ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ రిఫ్స్", "హాట్ ఫింగర్స్", ఇలా. తెల్లవాడు, నల్లవాడు పక్కపక్కన కూర్చుని వాయించారని లేబుల్ మీద వెయ్యలేరు. అందుకని లాంగ్ పేరును "బ్లైండ్ విల్లీ డన్" అని మార్చారు. కళ్లు లేని బ్లూస్ గాయకుల పేర్లకు అప్పట్లో గిరాకీ ఉంది, బ్లైండ్ లెమన్ జెఫర్సన్ లాంటివాళ్లు. లాంగ్ కళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

ఇప్పుడు చూడండి. ఆ జోడీలో ఎక్కువ చోట్ల పైన పరుగెత్తే గిటార్ లానీది. కింద కార్డ్‌లు పరిచి దారి వేసేది లాంగ్. అదే రికార్డు ఆధారంగా లాంగ్‌ను జాజ్ గిటార్‌కు ఆద్యుడని పిలుస్తారు, లానీని బ్లూస్ అంటారు. ఒకే బల్ల మీద ఒకే రోజు వండిన వంటకు రెండు పేర్లా?

డెల్టా_దారి:
మాస్టారూ, లేబుల్ రాజకీయం ఒప్పుకుంటా. కానీ మీరందరూ గిటార్ గిటార్ అంటున్నారు. బ్లూస్ గిటార్ అంటే వేగం ఒక్కటే కాదు.

టెక్సస్ అలెగ్జాండర్ అని ఒక గాయకుడు. పొలాల్లో పని పాటలు పాడుకునే తరహా, తాళం లెక్కలేమీ ఉండవు. ఒక లైను తర్వాత ఇష్టమైనంతసేపు ఆగుతాడు, ఇష్టమైనప్పుడు అందుకుంటాడు. అలాంటివాడి వెనక 1927, 28లో లానీ వాయించాడు. 12 బార్లు కాస్తా పదమూడున్నర అయినా, పదకొండు అయినా, ఆ గొంతు ఎక్కడ దిగుతుందో అక్కడికి ముందే చేరి ఆగి ఉంటాడు. వెంటబడడు, తొందరపెట్టడు. ఇది బ్యాండ్‌లో పుస్తకం చూసి వాయించే జాజ్ చదువుతో రాదు. ఇది బ్లూస్ లోపల పుట్టి పెరిగిన చెవికే వస్తుంది.

అలాగని నేను భక్తుణ్ణి కాదు. లానీ బ్లూస్ రికార్డులు వరసగా పది వినండి. ఎత్తుగడ ఒకటే! అదే ట్యూనింగ్, అదే శ్రుతి, అదే జారుడు, తర్వాత గొంతు. ముప్పై ఏళ్ల తర్వాతి రికార్డుల్లోనూ అదే తగులుతుంది. జాజ్ వాడే అయ్యుంటే అదే గుమ్మంలోంచి అన్నిసార్లు నడిచేవాడా?

బెజవాడ_గిటార్:
ఆ ఎత్తుగడ విషయంలో మీరు చెప్పింది నిజం, నేనూ నవ్వుకున్నా. కానీ అది జేబులో ఉంచుకున్న విజిటింగ్ కార్డు లాంటిది, పాత పాట మీద కొత్త మాటలు రాసుకుని కంపెనీకి వెంటవెంటనే ఇవ్వాల్సిన రోజుల్లో అలాగే చేస్తారు. మాటల మధ్య ఖాళీల్లో ఏం చేశాడో వినండి, ఏ రెండు పాటల్లోనూ ఒకేలా ఉండదు.

"6/88 గ్లైడ్" అని 1927 రికార్డు ఒకటుంది. ఆరు తీగల గిటార్, ఎనభై ఎనిమిది మెట్ల పియానో, అందుకే ఆ పేరు. పాట లేదు, గొంతు లేదు. పిక్‌తో ఒక్కొక్క తీగ మీద మెలోడీ నడుపుతాడు. అప్పటికి గిటార్ అంటే వెనక కూర్చుని టకటక కార్డ్‌లు కొట్టే వాద్యం, మైకులు సరిగా లేక బ్యాంజో ముందు వినపడేదే కాదు. దాన్ని ముందుకు తెచ్చి ట్రంపెట్ స్థానంలో కూర్చోబెట్టడం అనే ఆలోచన బ్లూస్‌దా, జాజ్‌దా?

ఎడమ చేతి వైబ్రాటో వినండి. వయొలిన్ వేసినవాడి చేయి అది. నోటు మీద ఆగి దాన్ని కదిలిస్తాడు. బి.బి. కింగ్‌లో మనకు నచ్చేది అదే కదా.

గోదావరి_మాండలిన్:
ఒక్క మాట. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ సంగతి చూడండి. రిమెంబర్ శక్తి బృందంలో జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ఏళ్ల తరబడి వాయించాడు. దాంతో ఆయన జాజ్ కళాకారుడైపోయాడా? కర్ణాటక విద్వాంసుడే అంటాం, అంటే ఎవరూ నొచ్చుకోరు. లానీ కూడా అంతే. వెళ్లి జాజ్ వాళ్లతో వాయించాడు, ఇంటికొచ్చి బ్లూస్ పాడాడు. ఇందులో ఇంత టెన్షన్ దేనికి?

డెల్టా_దారి:
శభాష్. ఇదే నేను మొదటి నుంచి మొత్తుకుంటున్నది.

పాతరికార్డు:
గోదావరి గారూ, మీ ఉదాహరణ నాకే పనికొస్తుంది, చూడండి. శ్రీనివాస్‌ను కర్ణాటక విద్వాంసుడంటున్నాం అంటే ఎందుకు? చిన్నప్పటి నుంచి నేర్చుకుంది, కచేరీల్లో కూర్చుంది అది కాబట్టి. లానీ చిన్నప్పుడు నేర్చుకుందేమిటి? న్యూ ఆర్లీన్స్‌లో కుటుంబం అంతా కలిసి వాయించే తీగ వాద్యాల బృందం, పెళ్లిళ్లు, విందులు. ఆ తర్వాత స్టీమర్ బ్యాండ్లు. పత్తి పొలం కాదు, జూక్ జాయింట్ (తాగి చిందులేసే పల్లె అడ్డా) కాదు. మీరన్న కొలతతోనే కొలిస్తే ఆయన పుట్టిల్లు బ్యాండ్ సంగీతం, బ్లూస్ ఉద్యోగం.

విశ్రాంత_ఉద్యోగి:
ఉద్యోగం కూడా నిలకడగా ఉంటే బాగుండేది. మహా మాంద్యంలో రికార్డింగ్ కంపెనీలు దివాలా తీశాయి. 1932 తర్వాత అయిదేళ్లపాటు ఆయన స్టూడియో గడప తొక్కలేదు. క్లీవ్‌ల్యాండ్ వైపు వెళ్లి, రాత్రుళ్లు ఎక్కడైనా దొరికితే వాయించడం, పగలు ఉక్కు ఫ్యాక్టరీ, రైల్వే స్లీపర్ల పని. 1937లో షికాగో వచ్చి డెక్కా కంపెనీలో రికార్డింగ్ మళ్లీ మొదలు. 1939 నుంచి బ్లూబర్డ్ లేబుల్. 1942లో "హీజ్ ఎ జెల్లీ రోల్ బేకర్" బాగా ఆడింది. ఆ మధ్యకాలమంతా ఎడ్డీ లాంగ్ లేడు, 1933లోనే టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పోయాడు. జోడీ మళ్లీ కుదిరే దారే లేకుండా పోయింది. మనవాడికి ఇక ఎదురుగా కూర్చునేవాడు లేడు. జాజ్ లోకం స్వింగ్ బ్యాండ్ల వైపు వెళ్లిపోయింది, 1939లో బెన్నీ గుడ్‌మన్ దగ్గర చార్లీ క్రిస్టియన్ చేరాడు. గిటార్ కథ అక్కడి నుంచే మొదలైందని రాసుకున్నారు.

టొరంటో_ఆంధ్రుడు:
మీరందరూ 1920ల్లోనే ఆగిపోయారు. అసలు అన్యాయం ఆ తర్వాత జరిగింది. అది చేసింది కంపెనీలు కావు, అభిమానులు.

ఆయన జీవితంలో అతిపెద్ద హిట్ ఏది? బ్లూస్ కాదు, జాజ్ కాదు. 1948లో కింగ్ లేబుల్ మీద వచ్చిన "టుమారో నైట్", మెత్తని ప్రేమ పాట. 1939 నాటి పాప్ పాట అది. రేస్ చార్టులో ఏడు వారాలు నంబర్ వన్, పాప్ చార్టులోకి కూడా ఎక్కింది. ఎల్విస్ ప్రెస్లీ 1954లో సన్ స్టూడియోలో అదే పాట పాడుకున్నాడు. లానీ వయసు 1948 నాటికి యాభై దాటిందో దగ్గర పడిందో. ఎలక్ట్రిక్ గిటార్, నిదానమైన గొంతు. ఆయనకి ఇష్టమైన పాటలు అవే.

1952లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో పాడాడు. అదే కచేరీలో ఉన్న టోనీ డానెగన్ అనే కుర్రాడు ఈయన మీద అభిమానంతో లానీ అని పేరు పెట్టుకుని తర్వాత లానీ డానెగన్‌గా పెద్ద స్టార్ అయ్యాడు. అంత పేరున్నవాడు అమెరికా తిరిగొచ్చి కొన్నేళ్లకి ఏం చేస్తున్నాడో తెలుసా? ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ హోటల్లో ఊడ్చి తుడిచే పని. 1959లో క్రిస్ ఆల్బర్ట్‌సన్ అనే రేడియో జాకీ ఆయన్ని వెతికి పట్టి ప్రెస్టీజ్ కంపెనీ వాళ్ల బ్లూస్‌విల్ లేబుల్‌కు రికార్డు చేయించాడు.

ఇక్కడ చూడండి అసలు చిక్కు. 1960ల్లో బ్లూస్‌ను మళ్లీ కనిపెట్టిన తెల్ల కుర్రాళ్లకు కావలసింది మిసిసిపి పల్లెలోంచి వచ్చిన, చిరిగిన చొక్కా వేసుకున్న ముసలివాడు. సన్ హౌస్, స్కిప్ జేమ్స్, మిసిసిపి జాన్ హర్ట్ దొరికారు, ఆకాశానికెత్తారు. లానీ సూటు వేసుకుని, శుభ్రంగా దువ్వుకుని వచ్చి బల్లాడ్లు, అంటే నిదానమైన ప్రేమ పాటలు పాడేవాడు. పెదవి విరిచారు. బ్లూస్ పాడు, బ్లూస్ పాడు అని వెంటపడ్డారు. పాడాడు కూడా, 1963లో యూరప్ తిరిగిన అమెరికన్ ఫోక్ బ్లూస్ ఫెస్టివల్‌లో మడ్డీ వాటర్స్, ఓటిస్ స్పాన్ లాంటివాళ్లతో కలిసి. డబ్బులిచ్చేవాడికి కావలసింది ఇచ్చాడు. 1925లో చేసిందీ అదే కదా.

కొత్తగా_చేరా:
అయ్యో, హోటల్లో ఊడ్చేవాడా! టొరంటో ఎలా వచ్చాడు మరి?

టొరంటో_ఆంధ్రుడు:
1965లో ఇక్కడ యార్క్‌విల్‌లో పెన్నీ ఫార్దింగ్ అనే కాఫీ హౌస్‌లో కొన్ని రోజులు పాడటానికి వచ్చి, నచ్చి ఉండిపోయాడు. ఇప్పుడు ఆ వీధుల్లో బ్రాండెడ్ షాపులే, చూసినా కొనేది లేదు మనం. అప్పట్లో అది కుర్రాళ్ల అడ్డా, ప్రతి మెట్ల కిందా ఒక గిటార్. 1966లో "హోమ్ ఆఫ్ ద బ్లూస్" అని సొంత క్లబ్ పేరుకి తెరిచాడు. నిలవలేదు. పేరులో చూశారా, అక్కడా బ్లూసే. బల్లాడ్ల పేరుతో క్లబ్ తెరిస్తే ఎవరొస్తారు?

1967లో న్యూయార్క్‌లో మోజెస్ ఆష్ నడిపిన ఫోక్‌వేస్ కంపెనీ కోసం రికార్డు చేశాడు. అది చాలా ఏళ్లు అరలోనే ఉండి తర్వాతెప్పుడో బయటికొచ్చింది. ఒక్కడే, గిటార్ ఒక్కటే. బ్లూస్, బల్లాడ్ రెండూ ఉంటాయి. వినేటప్పుడు ఏ పాట దగ్గర వేళ్లు ఎక్కువ సంబరపడుతున్నాయో గమనించండి, నాకైతే బల్లాడ్ల దగ్గరే అనిపిస్తుంది. 1969 మార్చిలో ఇక్కడే రోడ్డు మీద నడుస్తుంటే కారు గుద్దింది. తుంటి విరిగింది, పక్షవాతం వచ్చింది. 1970 ఫిబ్రవరిలో మాసీ హాల్లో కర్ర సాయంతో స్టేజీ ఎక్కి రెండు పాటలు పాడాడు, బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై కూడా ఉన్నాడు ఆ రోజు. జూన్‌లో పోయాడు.

బెజవాడ_గిటార్:
టొరంటో అన్నా, ఆ బ్లూస్‌విల్ వాటిలో ఎల్మర్ స్నోడెన్‌తో చేసిన "బ్లూస్ అండ్ బల్లాడ్స్" మర్చిపోవద్దు, 1960. స్నోడెన్ ఎవరనుకున్నారు? వాషింగ్టోనియన్స్ అని బ్యాండ్ నడిపినవాడు. ఆ బ్యాండే తర్వాత డ్యూక్ ఎల్లింగ్టన్ చేతికి వెళ్లింది. 1928లో "ద మూచ్"లో ఎల్లింగ్టన్ బ్యాండ్ మధ్య బేబీ కాక్స్ గొంతుకు తోడు వాయించింది లానీ గిటారే. ముప్పై రెండేళ్లకి అదే బ్యాండ్ మూలపురుషుడి పక్కన మళ్లీ కూర్చున్నాడు. ఆ రికార్డులో ఒక పాట బ్లూస్, తర్వాతది బల్లాడ్, ఇద్దరు ముసలివాళ్లు ఎవరికీ ఏదీ నిరూపించాల్సిన పని లేకుండా వాయిస్తారు. పేరు కూడా నిజాయితీగా పెట్టారు.

పాతరికార్డు:
నా మొదటి మాటకి చిన్న సవరింపు చేస్తాను, వెనక్కి తీసుకోవడం లేదు. పోటీ ముద్ర వేసింది 1925లో. కానీ 1960ల్లో అభిమానులు ఆ ముద్రని మళ్లీ వేడిచేసి కొట్టారు. మొదటిది బేరం, లానీకి కూడా లాభం ఉంది. రెండోది బేరం కూడా కాదు, వాళ్ల దగ్గర ముందే గీసిపెట్టుకున్న బొమ్మలో ఈయన సరిపోలేదు, కాబట్టి ఈయనదే తప్పు అన్నారు. టొరంటో గారు చెప్పాక నాకు రెండోదాని మీదే ఎక్కువ కోపం వస్తోంది.

డెల్టా_దారి:
కోపం తెచ్చుకోండి, కాదనను. కానీ మీరు కూడా ఆయన్ని అడగకుండానే జాజ్ వాణ్ణి చేసేస్తున్నారు. జాజ్ జాబితాలో చోటు దొరికితే గౌరవం, బ్లూస్ జాబితాలో ఉంటే తక్కువ అన్నట్టు. బ్లూస్ వాళ్లకి ఆ చిన్నచూపు ఎందుకండీ? టెక్సస్ అలెగ్జాండర్ వెనక అలా వాయించడం, ఆర్మ్‌స్ట్రాంగ్ ఎదురుగా అలా వాయించడం కంటే చిన్న పని అని నేను ఒప్పుకోను. నన్నడిగితే మొదటిదే కష్టం. ఆర్మ్‌స్ట్రాంగ్ తాళం వదలడు. అలెగ్జాండర్‌కి తాళమే లేదు.

విశ్రాంత_ఉద్యోగి:
చిన్నచూపు అన్నమాట నిజం. జాజ్ పుస్తకాలు రాసినవాళ్లలో అది ఉంది, ఈ వేదిక మీద కూడా ఉంది, చాలాసార్లు చూశాను. జాబితా పెట్టిన కుర్రాడు లానీని కావాలని వదల్లేదు, బ్లూస్ అంటే మెట్టు కింద అనుకుని వదిలేశాడు. అక్కడికెళ్లి ఆ థ్రెడ్‌లో చెప్పండి డెల్టా, ఇక్కడ పాతరికార్డుతో కాదు. మీరు వెళ్తే "లాంగ్ ఉన్న చోట లానీ ఉండాలి, రికార్డు ఒకటే కాబట్టి" అని ఒక్క లైను చాలు.

డెల్టా_దారి:
రాశాను మాస్టారూ. రాసి, కింద "అయినా ఆయన బ్లూస్ మనిషే" అని కూడా చేర్చాను. అది మాత్రం తీయను.

బెజవాడ_గిటార్:
తీయొద్దు. ఎడ్డీ లాంగ్ మీద వేరే థ్రెడ్ పెడుతున్నా, ఆ జోడీ రికార్డుల్లో ఎక్కడెక్కడ లీడ్ (పైన పరుగెత్తే గిటార్) చేతులు మారుతుందో నిమిషం, సెకను వేసి రాస్తాను. "టూ టోన్ స్టాంప్"తో మొదలు.